నలభైమంది వస్తే నలభై పనులు

హైస్కూల్లో నాటక బృందం పెడుతున్నామని ఉదయం ప్రార్థనలో చెబితే ఆ సాయంత్రం తరగతి గది పట్టదు. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా నలభైమంది వస్తారు. కిటికీ ఊచలు పట్టుకుని చూసేవాళ్లు వేరు. మూడు వారాలు గడిచేసరికి ఇరవైమంది మిగులుతారు. వార్షికోత్సవం నాడు వేదిక ఎక్కేది ఎనిమిదిమంది. తక్కినవాళ్లకు నాటకం మీద ఇష్టం చచ్చిపోయిందా? చదువు అడ్డం వచ్చిందా? చాలా బడుల్లో కారణం అంతకంటే చిన్నది. మొదటి రోజే పాత్రలు పంచేశారు. పాత్ర దొరికినవాళ్లు డైలాగులు వల్లెవేస్తుంటే దొరకనివాళ్లు బెంచీల మీద కూర్చుని చూశారు. ఊరికే చూడటానికి రోజూ ఎవరొస్తారు?

పరిషత్తు పోటీలకు వెళ్లే నాటక సమాజం పాత్రకు తగ్గ నటుణ్ని వెతికి తెచ్చుకుంటుంది. బడి బృందం పద్ధతి వేరు. వచ్చిన పిల్లల్ని బట్టి నాటికను మలుచుకోవాలి. అందుకే ఈ బృందం బాగోగులు బహుమతులతో తేలవు. మొదటి రోజు వచ్చినవాళ్లలో ఎంతమంది చివరిదాకా ఉన్నారు, మరుసటి ఏడు ఎంతమంది మళ్లీ వచ్చారు అన్నవే చూడవలసిన లెక్కలు.

తెలుగులో ఆధునిక నాటక ప్రదర్శన మొదలైనదే విద్యార్థులతో. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థుల చేతనే నాటకం వేయించారు. ఆరితేరిన నటులు దొరికేదాకా ఆయన ఆగలేదు. ఆయన జయంతి అయిన ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. బడిలో బృందం పెట్టడానికి హాలు లేదని, మైకులు లేవని, డబ్బు లేదని వెనకాడే ఉపాధ్యాయులకు ఇంతకంటే మంచి ధైర్యం దొరకదు.

వేళ కుదరడం

ఇరవై నిమిషాల నాటికకు 8 వారాలు చాలు. వారానికి 3 సాయంత్రాలు, సాయంత్రానికి 45 నిమిషాలు అనుకుంటే మొత్తం 18 గంటలు. ఈ లెక్కను ప్రదర్శన తేదీ నుంచి వెనక్కి వేసుకోవాలి. జూన్ రెండో వారంలో బడి తెరిస్తే ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవానికి పదకొండు వారాలు ఉంటాయి. కొత్త బృందానికి ఇది హాయైన గడువు. నవంబరు 14, బాలల దినోత్సవానికి వేయాలంటే మధ్యలో దసరా సెలవులు వస్తాయని గుర్తుంచుకోవాలి. సెలవుల తరువాత పిల్లలు డైలాగుల్లో సగం మరిచిపోయి వస్తారు. వాటిని మళ్లీ నోటికి తెచ్చుకోవడానికే ఒక వారం పడుతుంది. ఎఫ్ఏ, ఎస్ఏ పరీక్షల వారాలను క్యాలెండరులో ముందే కొట్టివేసి, మిగిలిన సాయంత్రాలనే లెక్కించాలి.

పదో తరగతి పిల్లల సంగతి వేరుగా చూడాలి. స్పెషల్ క్లాసులు మొదలయ్యాక వాళ్లు రోజూ రాలేరు. అలాగని పేర్లు కొట్టేయకూడదు. ఒకే దృశ్యంలో వచ్చే పాత్ర, తెర మీద బొమ్మ గీయడం, చిన్నవాళ్లకు డైలాగులు అప్పజెప్పించుకోవడం లాంటివి వాళ్లకు అప్పగిస్తే వారానికి ఒక్క రోజు వచ్చినా పని సాగుతుంది. ప్రధాన పాత్రలు ఎనిమిది, తొమ్మిది తరగతుల దగ్గర ఉండటం క్షేమం.

ఇక బస్సు. పొరుగూరి నుంచి ఆర్టీసీ బస్సులో వచ్చే ఎనిమిదో తరగతి అమ్మాయి మొదటి వారం మూడు రోజులూ వస్తుంది. రెండో వారం ఒక్కరోజే వస్తుంది. మూడో వారం రాదు. "శ్రద్ధ లేదు" అని హాజరు పుస్తకంలో రాసేస్తారు. నిజానికి నాలుగున్నర బస్సు తప్పితే ఆమె ఇంటికి చేరేసరికి చీకటి పడుతుంది. ఇంట్లో రెండు రోజులు ఊరుకున్నారు, మూడో రోజు వద్దన్నారు. ఆ అమ్మాయి ఆ మాట టీచరుతో చెప్పుకోలేదు. మొదటి రోజే ఎవరు ఎలా ఇంటికి వెళతారో రాసుకుంటే ఈ చిక్కు ముందే తెలుస్తుంది. అలాంటి పిల్లలు ఉన్న దృశ్యాలను మధ్యాహ్న భోజనం తరువాతి విరామంలోనో, హెడ్మాస్టరు ఒప్పుకుంటే డ్రిల్ పీరియడ్‌లోనో సాధన చేయించవచ్చు. పేరెంట్స్ మీటింగులో రిహార్సల్ వేళలు రాసిన కాగితం తల్లిదండ్రుల చేతికి ఇస్తే సగం అనుమానాలు తీరిపోతాయి.

పాత్రలు పంచని రెండు వారాలు

మొదటి రెండు వారాలు, అంటే ఆరు సాయంత్రాలు, ఎవరికీ ఏ పాత్రా ఇవ్వకూడదు. "నాకేం వేషం సార్?" అని పిల్లలు రోజూ అడుగుతారు. అడగనివ్వాలి. ఈలోగా జరగవలసినవి ఇవి:

1. గొంతు, నడక. పిల్లలు గుండ్రంగా నిలబడతారు. ఒక్కొక్కరు మధ్యలోకి నడిచి వచ్చి వెనక గోడకు వినిపించేలా పేరు చెప్పి వెళతారు. అరవకుండా వినిపించడం ఎలాగో పిల్లలకు ఇక్కడే తెలుస్తుంది.

2. మాటలు లేని దృశ్యాలు. అయిదుగురొక జట్టు. రేషన్ షాపు ముందు వరస, సంతలో బేరం, పెళ్లి భోజనాల బంతి, బస్సు ఆగగానే సీటు కోసం తోపులాట ఇలా ఏదో ఒకటి ఇచ్చి, అయిదు నిమిషాలు ఆలోచించుకోనిచ్చి, రెండు నిమిషాలు చేసి చూపమనాలి. సినిమాలో చూసింది కాకుండా తమ ఊళ్లో చూసింది చేయమనాలి. తరగతిలో ఎన్నడూ నోరు విప్పని పిల్లవాడు మేనమామ బీడీ వెలిగించే తీరును అచ్చుగుద్దినట్టు చేసి చూపేది ఇలాంటప్పుడే.

3. చదువు. ఏదైనా నాటికను పేజీకొకరు చొప్పున అందరూ చదవాలి. తాత మాటలు ఆరో తరగతి అమ్మాయి చదివినా ఫరవాలేదు.

4. ఒక్కో పనిలో ఒక్కో సాయంత్రం. పిల్లలందరూ ఒకసారి బొమ్మలు వేయాలి, ఒకసారి శబ్దాలు చేయాలి, ఒకసారి స్క్రిప్టు పట్టుకుని డైలాగు అందించాలి.

5. చీటీ. ఆరో రోజు ప్రతి ఒక్కరూ తాము చేయాలనుకుంటున్న మూడు పనులూ, అసలు చేయలేనిది ఒకటీ రాసి మడిచి ఇస్తారు.

ఈ అయిదింటిలో చివరిది మానకూడనిది. పదిమంది ముందు "ఎవరికి పాటలు వచ్చు?" అని అడిగితే చేతులెత్తేది రోజూ ఎత్తేవాళ్లే. చీటీలో మాత్రం పిల్లలు నిజం రాస్తారు. "మాట్లాడను, కానీ వేదిక మీద ఉండాలి" అని రాసిన పిల్ల ఉంటుంది. "తెర లాగుతాను" అని రాసిన క్లాస్ లీడరు ఉంటాడు. ఆ చీటీల్ని చదివిన తరువాతే నాటికను ఎంచుకోవాలి.

నాటిక ఎంపిక

గొప్ప నాటకమైనంత మాత్రాన బడి బృందానికి పనికొస్తుందా? 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైన "కన్యాశుల్కం" తెలుగు పిల్లలందరికీ తెలియవలసిన నాటకం. కానీ 1909 నాటి పెద్ద ప్రతిని పూర్తిగా ఆడాలంటే గంటలు పడుతుంది. అందులోంచి గిరీశం, వెంకటేశం మాట్లాడుకునే ఘట్టాన్ని తీసుకుంటే రెండు పాత్రలతో అయిపోతుంది. మిగతా ముప్పై ఎనిమిదిమంది ఏం కావాలి? ఆ ఘట్టం ఏకపాత్రాభినయం, ద్విపాత్రాభినయం చేసే పిల్లలకు బాగుంటుంది కానీ బృందానికి చాలదు.

బృందానికి కావలసింది మూడు నాలుగు దృశ్యాలు, పది పన్నెండు మాట్లాడే పాత్రలు, కనీసం ఒక గుంపు దృశ్యం ఉన్న నాటిక. అచ్చంగా అలాంటిది దొరక్కపోతే తెలుగు వాచకంలోని కథనే పిల్లల చేత దృశ్యాలుగా రాయించవచ్చు. సంత, పంచాయితీ, జాతర, బస్టాండు ఇలా ఏదో ఒక చోట కథ జరిగితే పదిహేనుమందికి చోటు దొరుకుతుంది. అయితే గుంపును గుంపుగా వదిలేయకూడదు. "ఊరివాళ్లు" అని రాసి ఊరుకుంటే ఆ పదిహేనుమందీ వేదిక మీద చేతులు కట్టుకుని నిలబడతారు. ఒకరు గాజులమ్మి, ఒకరు చెప్పులు కుట్టే తాత, ఒకరు తప్పిపోయిన మేకను వెతుక్కునే పిల్ల. ప్రతి ఒక్కరికీ ఒక వృత్తి, చేతిలో ఒక వస్తువు, కనీసం ఒక మాట ఉండాలి. ఆ ఒక్క మాట కోసం ఇంటిల్లిపాదీ ప్రదర్శనకు వస్తారు.

భాష విషయంలో ఒక పొరపాటు తరచూ కనిపిస్తుంది. నాయకుడి పాత్రకు పుస్తక భాష, పనివాడికీ హాస్యగాడికీ శ్రీకాకుళం మాటో తెలంగాణ మాటో రాయలసీమ మాటో పెడతారు. సినిమాల నుంచి వచ్చిన ఈ అలవాటు పిల్లల మనసులో తమ ఇంటి మాట నవ్వులాటకే పనికొస్తుందన్న అభిప్రాయం నాటుతుంది. ఆగస్టు 29 వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టినరోజు. కనీసం ఆ వేదిక మీదైనా టీచరు పాత్ర, కలెక్టరు పాత్ర కూడా ఆ ఊరి మాటే మాట్లాడాలి. డైలాగు నోరు తిరగక తడబడే పిల్లవాణ్ని "ఇదే మాట ఇంట్లో అయితే ఎలా అంటావు?" అని అడిగి, వాడు చెప్పినదే రాసుకుంటే ఆ తడబాటు పోతుంది.

అచ్చయిన నాటికను తీసుకున్నప్పుడు అనుమతి ప్రశ్న వస్తుంది. మన దేశంలో రచయిత జీవించి ఉన్నంతకాలం, మరణించిన తరువాత 60 ఏళ్లు ఆ రచన మీద హక్కులు ఉంటాయి. "కన్యాశుల్కం" రాసిన గురజాడ 1915లో కన్నుమూశారు కనుక ఆయన నాటకానికి ఆ ఇబ్బంది లేదు. ఇటీవలి రచయితల నాటికల విషయంలో 1957 నాటి కాపీరైటు చట్టం బడులకు ఒక వెసులుబాటు ఇచ్చింది. విద్యార్థులూ ఉపాధ్యాయులూ బడి కార్యక్రమంగా వేసి, చూసేవాళ్లు విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులు, బడితో సంబంధం ఉన్నవాళ్లకే పరిమితమైతే అది ఉల్లంఘన కాదు. బయట పోటీకి తీసుకెళ్లేటప్పుడూ టికెట్టు పెట్టేటప్పుడూ రచయిత అనుమతి తీసుకోవాలి. చట్టం అడగకపోయినా రచయిత పేరు ప్రకటించడం, వీలైతే ఒక ఉత్తరం రాయడం మర్యాద.

పాత్రల పంపకం

ప్రతి బడిలోనూ వార్షికోత్సవాల్లో ఏటేటా కనిపించే ముఖాలు కొన్ని ఉంటాయి. ధాటిగా మాట్లాడతారు, తొందరగా నేర్చుకుంటారు, టీచరుకు శ్రమ తప్పుతుంది. ఆ పిల్లల తప్పేమీ లేదు. కానీ ఏటా వాళ్లకే ఇస్తే తక్కినవాళ్లు అడగడం మానేస్తారు. ముఖ్య పాత్రలకు ఇద్దరేసి పిల్లల్ని తయారుచేసి, బాలసభలో ఒక జట్టు చేత, వార్షికోత్సవంలో మరో జట్టు చేత వేయించడం ఒక మార్గం. ఎవరికైనా జ్వరం వచ్చినా ప్రదర్శన ఆగదు.

పాత్ర రాని పిల్లవాడికి ఆ సంగతి నోటీసు బోర్డు చెప్పకూడదు. జాబితా పెట్టకముందే పక్కకు పిలిచి చెప్పాలి. "నీకు రాదు" అంటే వాడు మళ్లీ రాడు. "తాత పాత్రకు నెమ్మదిగా మాట్లాడేవాడు కావాలి, నీది గబగబా మాట్లాడే గొంతు. సంత దృశ్యంలో కేకలు వేసే వ్యాపారి పాత్ర నీకోసం పెట్టాం" అంటే వాడికి కారణమూ తెలుస్తుంది, పనీ దొరుకుతుంది.

నత్తి ఉన్న పిల్లల్ని బలవంతంగా ముందుకు తోయకూడదు, దయతలచి పక్కన పెట్టకూడదు. కొందరు గుంపుతో కలిసి పలికేటప్పుడు, పాట పాడేటప్పుడు తడబడరు. అలాంటి చోటు నాటికలో ఉంచి, తరువాతి నిర్ణయం ఆ పిల్లలకే వదలాలి.

ఆడపిల్లల పాత్రలు, మగపిల్లల పాత్రలు అన్న గీత మరీ గట్టిగా గీయనక్కరలేదు. స్త్రీ పాత్రలతో పేరు తెచ్చుకున్న స్థానం నరసింహారావుకు 1956లో పద్మశ్రీ వచ్చింది. ఆయన నటించడం మొదలుపెట్టిన నాటికి ఆడవాళ్లు వేదిక ఎక్కడం అరుదు. ఇప్పుడు ఆడపిల్లలు బృందంలో ఉన్నారు. సర్పంచి, డాక్టరు, కరణం పాత్రలు వాళ్లు వేయడానికి స్క్రిప్టులో ఒకటి రెండు మాటలు మారిస్తే చాలు.

తెర వెనుక

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ప్రదర్శనతో మొదలైన సురభి నాటక కుటుంబాల్లో పిల్లలు వేదిక మీదే పెరిగారు. నటించడంతో పాటు తెరలు కట్టడం, తీగల మీద మనుషుల్ని ఎగిరించడం, వాయిద్యం అందుకోవడం అన్నీ ఆ ఇంటివాళ్ల పనులే. తెర వెనుక పని తక్కువ పని అన్న ఆలోచనకు అక్కడ చోటే లేదు. బడి బృందం అరువు తెచ్చుకోవలసింది ఈ అలవాటునే.

డైలాగు అందించే పిల్ల దగ్గర ఎప్పుడూ ఒకే స్క్రిప్టు ఉండాలి. అందులో ఎవరు ఎటువైపు నుంచి వస్తారు, ఎక్కడ నిలబడతారు, ఎప్పుడు వెళతారు అన్నవి రంగు పెన్సిళ్లతో గుర్తించుకుంటుంది. రిహార్సల్స్ మొదలైన మూడో వారానికి నాటిక మొత్తం ఆమెకు కంఠతా వస్తుంది. ఏ పాత్రధారి రాకపోయినా ఆ రోజు రిహార్సల్‌లో ఆ చోట నిలబడగలిగేది ఆమే. సామాన్లు చూసే పిల్లవాడు పక్క తెర వెనుక బల్ల మీద కాగితం పరిచి, కర్ర, చెంబు, కళ్లజోడు దేని చోటు దానికి గీసుకుంటాడు. ఏ గీత ఖాళీగా ఉందో చూస్తే ఏ వస్తువు రాలేదో ఇట్టే తెలుస్తుంది. శబ్దాల జట్టుకు రికార్డులు అక్కరలేదు. చేటలో శనగలు అటూ ఇటూ ఆడిస్తే వాన, పల్చని రేకును ఊపితే ఉరుము, రెండు కొబ్బరి చిప్పలు కొడితే గుర్రం. దుస్తులు ఇళ్ల నుంచే వస్తాయి. బామ్మ చీర, తాత పంచె తెచ్చినప్పుడు ఎవరిదో పేరు రాసిన గుడ్డముక్కను పిన్నీసుతో పెట్టడం, మరునాడు మడతపెట్టి తిరిగివ్వడం ఇద్దరు ముగ్గురికి సరిపడా పని. కరెంటు తీగలు, లైట్ల జోలికి మాత్రం పిల్లలు వెళ్లకూడదు. అది పెద్దవాళ్లు చూసుకోవలసిన పని. లైట్లు లేకపోతే సాయంత్రం నాలుగింటికి ఆరుబయట వేసినా నాటిక నాటికే.

రిహార్సల్స్‌లో జరిగే పొరపాట్లు

అన్నింటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈమధ్య చాలాచోట్ల పాకిన ఒక పద్ధతి. డైలాగులన్నీ ముందే రికార్డు చేయించి, వేదిక మీద పిల్లల చేత పెదవులు కదిలించడం. మైకు ఇబ్బంది ఉండదు, మరిచిపోతారన్న భయం ఉండదు, చూడటానికి నున్నగా ఉంటుంది. కానీ ఆ పిల్లలు నటించడం లేదు. ఎదుటివాడి మాట విని బదులు చెప్పడం అందులో లేదు. తప్పును సర్దుకోవడం లేదు, ప్రేక్షకులు నవ్వితే ఒక్క క్షణం ఆగి అందుకోవడం లేదు. రెండు చోట్ల తడబడినా పిల్లల సొంత గొంతు వినిపించే నాటికే మేలు.

అలాంటి రికార్డులకు మొదటి కారణం స్టాండు మైకు. వేదిక ముందు రెండు మైకులుంటే పాత్రలన్నీ వాటి ముందుకొచ్చి వరసగా నిలబడతాయి. తండ్రి కొడుకుతో కాక మైకుతో మాట్లాడతాడు. దృశ్యాన్ని కూర్చేటప్పుడే ముఖ్యమైన సంభాషణలు మైకులకు దగ్గర్లో జరిగేలా, గుంపు వెనక ఉండేలా చూసుకుంటే ఆ పరుగులు తప్పుతాయి. గొంతు సాధన మొదటి వారం నుంచే జరిగి ఉంటే చిన్న బడిలో మైకే అక్కరలేదు.

టీచరు తానే నటించి చూపించడం మరో పొరపాటు. ఎంతో ప్రేమతో చేసే పనే ఇది. కానీ నాటికలో పదిమంది పిల్లలూ ఒకే టీచరులా చేతులు తిప్పుతారు. చేసి చూపే బదులు ప్రశ్న అడగాలి. ఈ తాత ఉదయం నుంచి ఏమైనా తిన్నాడా? ఈ ఉత్తరంలో ఏముందో తల్లికి ముందే తెలుసా? జవాబు పిల్లల నుంచి వచ్చాక మళ్లీ ఆ మాట పలికించి చూస్తే తేడా అందరికీ వినిపిస్తుంది.

బట్టీ పట్టించి తరువాత కదలికలు నేర్పడం కూడా వెనకముందైన పనే. కాగితం చేతిలో ఉండగానే నడవడం, కూర్చోవడం మొదలుపెడితే మాట కదలికతో ముడిపడి గుర్తుంటుంది. అయిదో వారం చివర కాగితాలు పక్కన పెట్టాలి.

ఎఫ్ఏలో మార్కులు తగ్గిన పిల్లవాణ్ని బృందంలోంచి తీసేయమని తల్లిదండ్రులో, క్లాస్ టీచరో అడగవచ్చు. శిక్షగా తీసేస్తే వాడికి చదువు మీద ఇష్టం పెరుగుతుందా? రెండు వారాలు ఒక్క సాయంత్రానికే రమ్మని, ఆ లెక్కల పాఠమో ఇంగ్లిషు పాఠమో బృందంలోని పెద్ద పిల్లల చేత చెప్పించడం ఇద్దరికీ మంచిది.

ప్రదర్శన రోజు

వార్షికోత్సవంలో నాటికను చివరన పెట్టే అలవాటు ఉంది. ముఖ్య అతిథుల ప్రసంగాలు, బహుమతుల పంపిణీ, పన్నెండు డాన్సులు అయ్యేసరికి రాత్రి పది దాటుతుంది. మేకప్పుతో కూర్చున్న ఆరో తరగతి పిల్లలు నిద్రపోతుంటారు, తల్లిదండ్రులు లేచి వెళుతుంటారు. మొదటి మూడు అంశాల్లో ఒకటిగా పెట్టమని హెడ్మాస్టరును నెల ముందే అడగాలి.

గడ్డాలు, మీసాలు అతికించే స్పిరిట్ గమ్మును రెండు రోజుల ముందు మోచేతి మడత దగ్గర రాసి చూడాలి. దురద, ఎరుపు వస్తే కాటుక పెన్సిలుతో మీసం గీస్తే సరిపోతుంది. పిల్లలు వేదికను వెలుగుండగానే నడిచి చూసుకోవాలి. ముందే తేలిగ్గా తినిపించాలి. వణుకు వస్తున్న పిల్లవాడితో "భయపడకు" అనడం వల్ల ఉపయోగం లేదు. చేతికో పని ఇస్తే వణుకు తగ్గుతుంది. సామాన్ల బల్ల మరోసారి సరిచూడమంటే చాలు.

డైలాగు మరిచిపోతే ఏం చేయాలో ముందే సాధన చేసి ఉండాలి. ఒక రిహార్సల్‌లో కావాలనే ఒక డైలాగు ఎగరగొట్టి, పక్క పాత్రధారి దాన్ని ఎలా అందుకుంటారో చూడటం పిల్లలకు సరదా ఆట. అది ఆడిన బృందం వేదిక మీద బిక్కచచ్చిపోదు.

తెర దించాక నటించిన ఎనిమిదిమందినో పన్నెండుమందినో మాత్రమే నిలబెట్టి పేర్లు చదవడం వల్ల అంతవరకూ పడ్డ శ్రమ వృథా అవుతుంది. శనగల చేట ఊపిన పిల్లతో సహా నలభైమందీ వేదిక మీదికి రావాలి. పేరుతో పాటు పని కూడా చదవాలి.

ఆ తరువాత

మరునాడు సామాన్లు, బట్టలు ఎవరివి వాళ్లకు చేర్చాక, మూడు నాలుగు రోజుల్లో బృందం ఒకసారి కూర్చోవాలి. ఎక్కడ ఆలస్యమైంది, ఎవరికి పని చాలలేదు, ఎవరికి ఎక్కువైంది అన్నవి పిల్లలే చెప్పి ఒక నోటుపుస్తకంలో రాస్తారు. మధ్యలో మానేసిన పిల్లల్ని కూడా ఆ రోజు పిలవాలి. ఎందుకు మానేశారో వాళ్లు అప్పటికి చెప్పగలుగుతారు. మళ్లీ ఏడాది రావడానికి ఆ పిలుపే దారి తెరుస్తుంది.

ఉత్సాహం ఉన్నవాళ్లకు బయట వేదికలు ఉన్నాయి. కేంద్ర విద్యాశాఖ 2015లో మొదలుపెట్టిన కళా ఉత్సవ్‌లో తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా విద్యార్థులు పోటీపడతారు. జిల్లా, రాష్ట్ర స్థాయిలు దాటితే జాతీయ స్థాయి. కొన్ని పరిషత్తులు బాలల నాటికలకు వేరుగా పోటీలు పెడతాయి. మొదటి ఏడాదే పోటీకి పరుగెత్తనక్కరలేదు. పోటీ నిబంధనల్లో పాత్రల సంఖ్యకు పరిమితి ఉంటే మళ్లీ పదిమందే మిగులుతారు. బడిలో ఒక ప్రదర్శన అందరితో జరిగాక, దాన్నే కుదించి పోటీకి తీసుకెళ్లడం రెండో ఏడాది పని.

రంగు పెన్సిళ్ల గుర్తులున్న ఆ స్క్రిప్టు, నోటుపుస్తకం, చీటీలు ఒక అట్టపెట్టెలో పెట్టి బడి లైబ్రరీ బీరువాలో ఉంచాలి. పదో తరగతి పిల్లలు మార్చిలో పరీక్షలకు వెళ్లేముందు ఆ పెట్టెలో ఏముందో ఎనిమిదో తరగతి పిల్లలకు విప్పి చూపించి, బీరువా తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో చెప్పి వెళతారు.